అచ్చా, ముద్రా, కొలతా?

ప్రశ్న: మా నాన్నగారికి పళ్లన్నీ ఊడిపోయాయి. కట్టుడు పళ్ల కోసం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, అక్కడి కరపత్రంలో ‘దంత ముద్రలు’ అని ఉంది. అసిస్టెంట్ ‘అచ్చు తీయాలి’ అన్నాడు. నాన్న మాత్రం ‘కొలత ఇచ్చొచ్చాను’ అంటున్నారు. వీటిలో ఏది సరైన తెలుగు? పళ్లను ‘పండ్లు’ అనడం తప్పా?

జవాబు: మీ నాన్నగారి మాటతో మొదలుపెడతాను. కొలత అంటే అంకెలే అనుకోనక్కర్లేదు. టైలర్‌కు ఆది జాకెట్టు ఇచ్చి ‘కొలత ఇచ్చాను’ అంటాం కదా. ఆయన మాటలో తప్పేమీ లేదు.

నాకు నచ్చనిది ‘దంత ముద్ర’. ఆ మాట వింటే కొరికిన చోట పడ్డ పంటిగాటు గుర్తొస్తుంది. పైగా మీ నాన్నగారికి పళ్లే లేవు. ఆయన నోట్లోంచి తీసేది చిగుళ్ల ఆకారం, అంగిలి ఆకారం. అలాంటప్పుడు ‘పళ్ల అచ్చు’ మాత్రం ఎలా కుదురుతుందని అడగవచ్చు. కుదురుతుంది. ‘గాజుల కొలత’ తీసేది చేతికి, ‘చెప్పుల కొలత’ తీసేది పాదానికి. అలాగే ‘పళ్ల అచ్చు’ అంటే పళ్ల కోసం తీసే అచ్చు. ‘దంత ముద్ర’ సమాసానికి ఈ వెసులుబాటు లేదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఈ పనిలో వస్తువులు రెండు. ట్రేలో మెత్తటి పదార్థం నింపి నోట్లో పెడతారు. అది గట్టిపడ్డాక తీసి చూస్తే అంతా తిరగబడి ఉంటుంది, చిగురు ఉబ్బిన చోట గుంట పడుతుంది. ఆ గుంటలో ప్లాస్టర్ లాంటి పొడి కలిపి పోస్తే నోటి అసలు ఆకారం వస్తుంది. రెండింటినీ అచ్చు అనేస్తే ల్యాబులో గందరగోళమే. మొదటిదాన్ని అచ్చు అనీ, రెండోదాన్ని పోత అనీ అంటే సరిపోతుంది. ‘పోతపోసిన విగ్రహం’ అన్నప్పటి పోతే ఇది. పళ్లన్నీ ఊడిపోయినవాళ్లకు సాధారణంగా అచ్చు రెండుసార్లు తీస్తారు. మొదటి అచ్చులో పోసిన పోత మీద ఆ మనిషి నోటికి సరిపడే ట్రే తయారుచేసి, దానితో రెండో అచ్చు తీస్తారు. ‘మొదటి అచ్చు, మొదటి పోత’ అని చెబితే ఎవరికైనా తెలుస్తుంది. ట్రేను ట్రే అనే అనండి, పళ్లెం అంటే ఎవరికీ తట్టదు.

‘పండ్లు’ తప్పు కాదు. పన్నుకు బహువచనం పండ్లు, అదే పళ్లు అయింది. తెలంగాణలో నేటికీ ఎంతోమంది పండ్లనే అంటారు. తినే పండుకూ బహువచనం అదే కాబట్టి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. పంటికి ‘పలు’ అనే పాత రూపం కూడా పలువరుసలో మిగిలింది. తమిళంలో పన్నును పల్ అంటారు, కన్నడంలో హల్లు అంటారు. కట్టుడు పళ్లు, పెట్టుడు పళ్లు రెండూ వాడుకలో ఉన్నవే. తీసి పెట్టుకునేవాటికి నేనైతే పెట్టుడు పళ్లంటాను, పెట్టుడు మీసాల్లాగా.

మీరు అడగకపోయినా ఒక మాట. అక్షరమాలలోని ‘అచ్చు’ వేరు, అది సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది. ఈ అచ్చుకూ దానికీ చుట్టరికం లేదు. కానీ పళ్ల డాక్టర్ దగ్గర ఆ రెండూ కలుస్తాయి. అంగిలి ముందుభాగం గట్టిగా, వెనకభాగం మెత్తగా ఉంటుంది. నోరు తెరిచి ‘ఆ’ అంటే మెత్తటి భాగం కదులుతుంది. ఆ కదలిక మొదలయ్యే గీతను చూసి పై పళ్ల సెట్టు వెనక అంచు ఎక్కడిదాకా ఉండాలో నిర్ణయిస్తారు. అంచు అక్కడిదాకా రాకపోతే సెట్టు జారుతుంది, మరీ దాటితే వాంతి వచ్చేలా ఉంటుంది. అందుకని డాక్టర్ ‘ఆ’ అనమన్నప్పుడు మీ నాన్నగారిని మొహమాటపడకుండా అనమనండి.