ఆమె పెట్టిన ముద్ద కాదన్నాను, మళ్లీ ఆ ఇంటికి ఎలా వెళ్లను?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. బీఈడీ చేశాక మా సంఘం తరఫున ఇథియోపియాలో ఒక మిషన్ స్కూలుకు రెండేళ్ల కోసం వాలంటీర్ టీచర్‌గా వచ్చాను. సెప్టెంబరు నుంచి ఇక్కడే ఉన్నాను. పిల్లలు నన్ను ఇష్టపడతారు. తిండి మాత్రం నా వల్ల కావడం లేదు. అందరూ ఒకే పళ్లెంలో తింటారు. అన్నం వండుకుందామన్నా సరిగ్గా ఉడకదు. జనవరి 7న వీళ్ల క్రిస్మస్‌కు తోటి టీచర్ భోజనానికి పిలిచారు. ఆవిడ తన చేత్తో ముద్ద చేసి నా నోటికి అందిస్తే ముఖం పక్కకు తిప్పుకున్నాను. కడుపు బాగాలేదని చెప్పి రూముకు వచ్చేశాను. సాయంత్రం ఆవకాయ కలుపుకుని తింటుంటే, నాకు బాగాలేదని ఆవిడ పంపిన గిన్నె పట్టుకుని వాళ్లమ్మాయి వచ్చింది. ఆ పాప నా క్లాసే. చూసి, గిన్నె పెట్టేసి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నన్ను ఎవరూ పిలవడం లేదు. బరువు తగ్గాను, తరచూ కడుపునొప్పి వస్తోంది. అమ్మ రోజూ ఫోన్‌లో ఏడుస్తూ వచ్చెయ్యమంటోంది. పాఠాలు బాగానే చెబుతున్నాను కదా, తిండి విషయం అంత ముఖ్యమా? తిరిగి వచ్చేయమంటారా? (ఒక సోదరి)

జవాబు: అమ్మా, ముఖ్యమే. పాఠాలు ఒక్కటే చాలవు.

ఒంగోలు వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మీరు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉండి ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానిచ్చేవాళ్లు కారు. వాళ్లు ముట్టుకున్న నీళ్లు తాగేవాళ్లు కారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు టీకొట్లు వచ్చాయి, అక్కడా వాళ్లకు వేరే గ్లాసే పెట్టారు. ఒకరి చేతి ముద్ద కాదనడం రుచికి సంబంధించిన విషయం కాదని మన పెద్దవాళ్లు పడి తెలుసుకున్నారు. మీ మనసులో అలాంటి ఉద్దేశం లేదని నేను నమ్ముతున్నాను. మీకు వికారం వేసింది, భయం వేసింది, అంతే. కానీ ఆవిడకు మీ వికారం కనపడదు, తిప్పుకున్న ముఖం కనపడుతుంది.

ఆవిడ పెట్టబోయినదాన్ని గుర్షా అంటారు. ఇంజెరా అనే పుల్లటి అట్టు ముక్కలో కూర చుట్టి, తమ మనిషి అనుకున్నవాళ్ల నోటికి అందిస్తారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ అన్నట్టు. గోరుముద్దలు తిని పెరిగిన మనకు ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. మనం పెద్దయ్యాక మానేస్తాం, వాళ్లు మానరు. ఇక ఎంగిలి గురించి. తినే ముందు అందరి చేతుల మీదా నీళ్లు పోసి కడిగిస్తారు. కుడిచేత్తోనే తింటారు. పళ్లెం ఒకటే అయినా ఎవరి ముందున్నది వాళ్లే తుంచుకుంటారు. మీ టెన్షన్‌లో ఇవేవీ మీ కంట పడి ఉండవు. ఈసారి గమనించండి.

మీరు వెళ్లింది క్రీస్తును ఎరగని దేశానికి కాదని కూడా గుర్తుపెట్టుకోండి. అక్కడి పాత రాజ్యం అక్సుమ్‌ను ఏలిన రాజు ఎజానా 4వ శతాబ్దంలోనే క్రైస్తవాన్ని స్వీకరించాడు. మీకంటే ఎంతో ముందు నుంచి ప్రార్థన చేస్తున్న ఇంట్లో మీరు అతిథి. ఇవ్వడానికే వచ్చాననుకున్న మనిషికి తీసుకోవడం కష్టంగా ఉంటుంది. మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా కనిపించింది ఈ కష్టమే.

అయినా మీది తేలికైన పనేమీ కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు మిషనరీగా వెళ్లారు. ఆయన వెళ్లింది అక్కడ కూలికి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల దగ్గరకు. అక్కడ భాష అయినా మనదే. మీకు ఆ ఆసరా కూడా లేదు. ఆరు నెలలు ఒంటరిగా నిలబడ్డారంటే మీలో శక్తి ఉంది.

ఆ గిన్నె ఇంకా మీ దగ్గరే ఉంటే, మీకు దారి దొరికినట్టే. మనవైపు ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వం కదా. ఇప్పుడు అక్కడ ఈస్టర్ ముందు వచ్చే 55 రోజుల పెద్ద ఉపవాసం నడుస్తోంది. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, నూనెకు అభ్యంతరం లేదు. నిమ్మకాయ పులిహోర చేయండి, నెయ్యి తగలకుండా. అన్నం ఉడకకపోవడం మీ చేతి లోపం కాదు. అక్కడిలాంటి ఎత్తైన చోట, 2,000 మీటర్ల ఎత్తున నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ప్రెషర్ కుక్కర్ అడిగి తెచ్చుకోండి. నిష్ఠగా ఉండేవాళ్లు పొద్దుటి పూట ఏమీ తినరు కాబట్టి మధ్యాహ్నం దాటాక వెళ్లండి. టైము చెప్పేటప్పుడు మాత్రం సరిచూసుకోండి, వాళ్లు పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెడతారు, వాళ్ల మూడు గంటలంటే మన తొమ్మిది.

కడుపు బాగాలేదన్నది సాకు అని ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఇంకో సాకు వెతకొద్దు. "ఆరోజు నాకు అలవాటు లేక భయపడ్డాను, అబద్ధం చెప్పాను, క్షమించండి" అని ఆవిడతో చెప్పండి. పాప ఎదురుగానే చెప్పండి. మీరు ఆ పిల్లకు టీచరు. తప్పు ఒప్పుకోవడం మీ దగ్గర చూస్తే ఆ పాపకు మేలు. తర్వాత వంట నేర్పమని అడగండి. ఇంజెరాకు వాడే టెఫ్ అనే ధాన్యం పిండి ఎన్ని రోజులు పులుస్తుందో, షిరో అనే పప్పుపిండి కూర ఎలా కలుపుతారో, బెర్బెరె కారంలో ఏమేం పడతాయో పొయ్యి పక్కన నిలబడి చూస్తే సగం వికారం పోతుంది. కారం తినే మనిషికి బెర్బెరె కొత్త కాదు.

కాఫీకి కూర్చోబెడితే మూడో విడత అయ్యేదాకా లేవకండి. పచ్చి గింజలు మీ ముందే వేయించి, ఆ పొగ మీకు చూపించి, జెబెనా కూజాలో కాచి, పేలాలతో ఇస్తారు. అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు. మధ్యలో లేస్తే చిన్నబుచ్చుకుంటారు. నిద్ర పట్టదనుకుంటే సగం కప్పు పోయమనండి. మీ ఒంటరితనానికి నేను ఇక్కడి నుంచి ఎన్ని మాటలు చెప్పినా ఆ గంటసేపటికి సాటి రావు.

అన్నిటికీ తల ఊపమని మాత్రం అనడం లేదు. ఉపవాసాలు అయిపోగానే పండగకు పచ్చి గొడ్డుమాంసం కూడా పెట్టవచ్చు. దానివల్ల బద్దెపురుగులు వచ్చే ప్రమాదం నిజంగా ఉంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ, నాకు ఉడికించి ఇవ్వండి అని అడగండి. కిత్ఫో అనే పచ్చి కీమా వంటకాన్ని కూడా అడిగితే ఉడికించి ఇస్తారు, ఎవరూ తప్పు పట్టరు. నీళ్లు కాచినవే తాగండి.

అమ్మగారి విషయం. ఆవిడ "ఏం తిన్నావే?" అని అడిగిన ప్రతిసారీ మీరు ఏడుస్తుంటే, అంత దూరాన ఉన్న తల్లి వచ్చెయ్యమనక ఇంకేమంటుంది? ఆ టీచరుగారి పక్కన కూర్చుని ఒకసారి వీడియో కాల్ చేయండి. ఇద్దరికీ భాష కలవకపోయినా పర్వాలేదు. కూతురికి అన్నం పెట్టే ఆడమనిషి ఒకరు అక్కడ ఉన్నారని అమ్మ కళ్లారా చూడాలి.

ఈస్టర్ దాటేవరకు తిరుగు టికెట్ మాట ఎత్తకండి. అప్పటికీ నిద్ర లేకపోయినా, రోజూ ఏడుపు వస్తున్నా మీ కోఆర్డినేటర్‌తో దాచకుండా మాట్లాడి వచ్చేయండి. అలా రావడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బరువు తగ్గడం, కడుపునొప్పి మాత్రం ఈస్టర్ దాకా ఆగే విషయాలు కావు. ఈ వారమే డాక్టర్‌ను కలిసి మలపరీక్ష, రక్తపరీక్ష చేయించుకోండి.