బండి ముచ్చట: పాత స్పోర్ట్స్ కారుకు బెల్ట్ ఎప్పుడు మార్చాలె?

ప్రశ్న: అన్నా, నాది 2008 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్, హైదరాబాద్ల సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. 41 వేల కిలోమీటర్లే తిరిగింది. ఇంటి ముందర షెడ్డు కింద ఉంటది, ఆదివారం నార్కట్‌పల్లి దాక ఒక రౌండు, ఎప్పుడన్న హైదరాబాద్. మొన్న సర్వీసుకు ఇస్తే ఫ్యాన్ బెల్ట్ మార్చాలె, పనిల పని టైమింగ్ బెల్ట్ కూడ మార్చాలె అని లిస్ట్ చేతిల పెట్టిండు. నేను టార్చ్ కొట్టి చూసిన, బెల్ట్ మీద ఒక్క పగులు లేదు. మార్చాల్నా, ఇంకో రెండేండ్లు నడపొచ్చా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ లిస్ట్ల టైమింగ్ బెల్ట్ అన్న లైన్ కొట్టెయ్. టైమింగ్ అంటే వాల్వులు పిస్టన్లతోని వరుస తప్పకుండ తెరుచుకునుడు, మూసుకునుడు, నీ ఇంజన్ల దానికి బెల్టే లేదు, లోపల చైన్లుంటయ్. మోసం చేస్తున్నడని నేను అంటలేను, వేరే బండ్ల అలవాటుల రాసి ఉండొచ్చు, గనీ ఇంజన్ మీద చెయ్యి వెయ్యనిచ్చే ముందు ఈ మోడల్ ఇంతకుముందు ఎప్పుడన్న విప్పినవా అని మాత్రం ఆయన్ని తప్పకుండ అడుగు.

ఇగ నీ బండికి ఉన్నది బయట తిరిగే, పొడుగూత గీతలున్న బెల్ట్ ఒక్కటే. మనం ఫ్యాన్ బెల్ట్ అంటం గనీ నీ దాంట్ల అది ఫ్యాన్ తిప్పదు, రేడియేటర్లు ముందు బంపర్ వెనక ఉంటయ్, వాటి ఫ్యాన్లు కరెంటు మీద తిరుగుతయ్ (ఆ రేడియేటర్ల ముందట ఎండుటాకులు, దుమ్ము మస్తుగ పేరుకుంటయ్, సర్వీసుల అది కూడ తీపియ్). బెల్ట్ తిప్పేది బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, ఏసీ కంప్రెసర్, అన్నిటికంటె ముఖ్యం వాటర్ పంపు. తెగిందనుకో, బ్యాటరీ లైటు వెలుగుతది, స్టీరింగ్ తిప్పనీకె రెండు చేతుల బలం కావాలె, ఏసీ గాలి వేడిగొస్తది, ఇవన్ని ఓర్చుకోవచ్చు, గనీ ఇంజన్ల నీళ్లు తిరుగుడు ఆగుతది సూడు, కొంప ముంచేది అదే. "చౌటుప్పల్ ఇంకెంత దూరం, లాగేస్త" అనుకున్నవంటే బెల్ట్ ఖర్చుతోని పొయ్యేది ఇంజన్ ఖర్చు దాక పోతది. లైటు వెలిగి స్టీరింగ్ గట్టిపడ్డదంటే బండి పక్కకు తీసి ఇంజన్ బంద్ చేసుడే, అక్కడికెల్లి ట్రక్కు మీదనే రావాలె.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, పగులు లేదు గద అంటున్నవు. ఆ లెక్క పాత బెల్టులది. ఎనకట బెల్టులు నియోప్రీన్ రబ్బరువి, అవి ముసలిగైతే అడ్డంగ పగుళ్లొస్తుండె, అంగుళం జాగల మూడు పగుళ్లు కనపడితే మార్చుమని మెకానిక్కులు చెప్తుండె, ఆ మాట ఇప్పటికీ నడుస్తున్నది. 90ల చివరి నుంచి కంపెనీలు మెల్లగ ఈపీడీఎం అనే రబ్బరుకు మారినయ్. ఇది అంత తొందరగ పగలదు, అరుగుతది. గీతల మధ్య సందులు వెడల్పయి, లోతయి, బెల్ట్ పుల్లీల లోపలికి దిగి జారుతది. పైనుంచి చూస్తే నల్లగ, నున్నగ, కొత్త దాని లెక్కనే కొడ్తది. గీతలల్ల ఐదు శాతం రబ్బరు పోయినా జారుడు షురూ కావచ్చని బెల్ట్ తయారు చేసేటోళ్లే చెప్తరు, గది కంటికి ఏడ కనపడ్తది? దానికి చిన్న ప్లాస్టిక్ గేజ్ ఉంటది, గీతల సందుల పెట్టి చూస్తరు. నీ మెకానిక్ దగ్గర అది లేకపోతే ఒక కొత్త బెల్ట్ పక్కన పెట్టి చూసినా తేడా దొరుకుతది. ఒకవేళ ఈపీడీఎం బెల్ట్ మీద కూడ పగుళ్లు కనపడినయంటే అది ఎప్పుడో అయిపోయిన బెల్ట్, ఇంక ఆలోచన చెయ్యొద్దు.

టార్చ్ కొట్టి చూసిన అంటున్నవు, ఏ దిక్కుకెల్లి చూసినవో గనీ ఆ బండిల ఇంజన్ సీట్ల వెనక, బెల్ట్ ఉన్న మొఖం సీట్ల దిక్కు ఉంటది. సీట్లు ముందుకు జరిపి, వెనక కార్పెట్ లేపి, రేకు మూత బోల్టులు విప్పితే గనీ బెల్ట్ సరిగ దొరకదు. దొరికినా ఒక్క జానెడు ముక్క చూసి తేల్చెయ్యొద్దు, ఇంజన్ బంద్ చేసి, తాళం జేబుల ఏసుకుని, పానాతోని కొంచెం కొంచెం తిప్పుకుంటు బెల్ట్ చుట్టు మొత్తం చూడాలె, చాక్‌పీస్‌తోని గుర్తు పెట్టుకుంటే ఏడ మొదలువెట్టినమో తెలుస్తది. చూడాల్సింది పగుళ్లొక్కటే కాదు, అంచుల దారాలు లేస్తున్నయా, గీతల నుంచి ముక్కలు ఊడినయా, అద్దం లెక్క మెరుస్తున్నదా, ఆయిల్ గానీ కూలెంట్ (ఇంజన్ చల్లబరిచే నీళ్లు) గానీ పడి ఉబ్బిందా. ఆయిల్ పడ్డ బెల్ట్‌ను తుడిచి మళ్ల వాడుడు నాకు నచ్చదు, ఆ లీకు ఆపి బెల్ట్ పారెయ్యాలె. ఇంకోటి, షెడ్డుల రోజుల తరబడి నిలబడే బండి గద, ఎలుకలు కొరికినయా కూడ చూడు, నవ్వకు, పొలాల పక్కనున్న ఇండ్లల్ల ఇది ఉన్న ముచ్చటే.

కిలోమీటర్లు తక్కువనే, గనీ రబ్బరుకు ఏండ్లు కూడ లెక్కనే. రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు, ఆ ఎండల నల్లగొండల నిలబడ్డ బండి, ఇంజనేమో సీట్ల వెనక ఇరుకుల, రబ్బరు గట్టిపడకుండ ఎట్ల ఉంటది. సర్వీస్ బుక్కుల బెల్ట్‌కు కిలోమీటర్లు, ఏండ్లు రెండూ ఉంటే ఏది ముందొస్తే అదే పట్టుకో. అందుకే నా మాట ఏందంటే, పాత ఓనర్ దగ్గర బెల్ట్ మార్చిన బిల్లు అడుగు. నాలుగైదేండ్ల లోపల మార్చినట్టు బిల్లు ఉండి, పైన చెప్పినవేవి లేకపోతే మార్చకు, ఏటా ఎండకాలం ముంగట ఒకసారి చూపియ్యి చాలు. బిల్లు లేదంటే అది 2008ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బెల్టే అనుకుని మార్చెయ్, రెండేండ్లు ఆగి మిగిలేదేం లేదు.

మార్చే రోజు బెల్ట్ ఎట్ల చుట్టి ఉన్నదో ముందే ఫోన్ల ఫోటో తీపియ్, అన్ని పుల్లీల మీదికెల్లి తిప్పి వెయ్యనీకె అది లేకపోతే తిప్పలు పడ్తరు. బెల్ట్‌ను బిగువుగ పట్టే టెన్షనర్ స్ప్రింగ్‌ది, తనంతట తనే టైట్ చేసుకుంటది, పాత అంబాసిడర్ లెక్క బొటనవేలుతోని నొక్కి చూసి ఆల్టర్నేటర్ జరుపుడు ఉండదు. బెల్ట్ తీసినంక ప్రతి పుల్లీని చేతితోని తిప్పి చూడాలె, గరగర అన్నదంటే బేరింగ్ పోయినట్టు, అది కూడ మార్చాలె, లేకుంటే కొత్త బెల్ట్‌ను అదే తినేస్తది. వాటర్ పంపు లూజుగ ఊగుతున్నదా, కింద ఎండిన కూలెంట్ మరక ఉన్నదా చూడు, ఉంటే అప్పుడే మార్చు, విప్పిన కూలి ఎట్లైన ఇచ్చేదే. పాత బెల్ట్ మరీ ఖరాబు కాకపోతే దారిల అవసరానికి ముందర డిక్కీల పడెయ్యి, నీ బండికి రెండు డిక్కీలు గద.

ప్రశ్న: నాది 2004 ఆక్టేవియా ఆర్‌ఎస్ టర్బో, లక్షా పన్నెండు వేలు తిరిగింది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చిండ్రో ఎవ్వరికి తెల్వదు. మెకానిక్ పై కవర్ తీసి చూసి మంచిగనే ఉన్నది, ఆగుమన్నడు. బయటి బెల్ట్ కీచుమంటుంటే మా రైస్ మిల్లు బెల్టులకు కొట్టే స్ప్రే కొట్టిన, రెండు రోజులు ఆగి మళ్ల షురూ అయింది.
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నా, ఆగకు. పై జవాబుల నేను చూసి చెప్పుమన్నది బయటి బెల్ట్ గురించి, మీది లోపలి బెల్ట్, దీన్ని చూసి చెప్పుడు ఉండదు. 1.8 టర్బో, 20 వాల్వుల ఇంజన్ అది, బెల్ట్ తెగినా రెండు పండ్లు జారినా పిస్టన్లు పోయి వాల్వులకు కొట్టుకుంటయ్, హెడ్ విప్పాలె. ఎప్పుడు మార్చిండ్రో తెల్వదంటే మార్చలేదనే లెక్క. బెల్ట్ ఒక్కటే కాదు, టెన్షనర్, రోలర్ కలిసిన కిట్ తెప్పియ్, వాటర్ పంపు కూడ అదే బెల్ట్ మీద తిరుగుతది కాబట్టి అది కూడ కొత్తది. పంపు రేపు జామ్ అయితే కొత్త బెల్ట్‌నే తెంపుతది. పని అయ్యే దాక బండి తీయకుంటె మంచిది, తీసినా గట్టిగ తొక్కకు. మార్చిన తారీఖు, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి ఇంజన్ కవర్ మీద అంటియ్, మీ తర్వాత కొనేటోడన్న ఈ ప్రశ్న అడగకుండ ఉంటడు.

స్ప్రే మాత్రం మళ్ల కొట్టకు. అది మిల్లుల బెల్టులకు, గీతల బెల్ట్‌కు కొడితే జిగటకు దుమ్మంత పట్టి సప్పుడు ఇంకా ఎక్కువైతది. ఆ బెల్ట్ కూడ మార్చి, పుల్లీల గాళ్లు బ్రష్‌తోని శుభ్రం చేపియ్.

ప్రశ్న: వానాకాలం పొద్దుగాల స్టార్ట్ చేయంగనే నా పాలియో 1.6 కిచకిచమంటది, కొద్దిసేపటికి ఆగుతది. బెల్ట్ మార్చాల్నా?
- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తేమకు కొంచెం సప్పుడు చేసి ఆగితే గాబరా పడకు. ఎండ ఉన్న రోజు కూడ చేస్తే ఈ పని చెయ్: ఇంజన్ నడుస్తుండంగ స్ప్రే బాటిల్‌తోని బెల్ట్ గీతల దిక్కు కొంచెం నీళ్లు కొట్టు, లుంగీ, కండువా, చేతులు దూరం. నీళ్లు పడంగనే సప్పుడు ఎక్కువైతే బెల్ట్ జారుతున్నది, టెన్షన్ చూపియ్యాలె, అరిగితే మార్చాలె. ఒక్కసారి ఆగి ఎండంగనే మళ్లొస్తే పుల్లీ వంకరున్నది, అప్పుడు బెల్ట్ ఎన్నిసార్లు మార్చినా అదే సప్పుడు, పుల్లీలు వరుసల ఉన్నయా ముందు చూపియ్యి.