సంగీతం చదవబోతున్న మేనకోడలికి

హైదరాబాద్

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఇంటర్ అయ్యాక సంగీతమే చదువుతానని పట్టుబట్టావని అక్కయ్య చెప్పింది. సంతోషం తల్లీ, చదువు. అయితే బావగారి భయం కూడా న్యాయమైనదే. అందుకే ఆయన అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను: చదువు అయ్యాక చేతికొచ్చే కాగితం ఎక్కడ చెల్లుతుంది?

సంగీతంలో సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ మూడూ వేరు. ఈ తేడా తెలియకే చాలామంది పిల్లలు ఏళ్లకేళ్లు చదివి ఉద్యోగం దరఖాస్తు దగ్గర ఆగిపోతారు. రామ్‌కోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి నడుస్తోంది. అక్కడ నాలుగేళ్లు సర్టిఫికెట్, ఆపైన రెండేళ్లు డిప్లొమా. సరళీ స్వరాల నుంచి వర్ణాలు, కృతుల దాకా వరస తప్పకుండా నేర్చుకోవడానికి మంచి చోటు. కానీ కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకు అడిగేది సంగీతంలో డిగ్రీ. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే మామూలుగా పీజీ, దాని మీద నెట్ అనే అర్హత పరీక్ష. పీజీ కోసం మన ఊళ్లోనే తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. నిన్నమొన్నటి దాకా పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్నదే, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ఏ ప్రవేశ ప్రకటన చూసినా ముందు అర్హతల దగ్గర ఆగు. ఏ డిగ్రీ అయినా చాలా, సంగీతంలోనే డిగ్రీ ఉండాలా, డిప్లొమాను లెక్కలోకి తీసుకుంటారా అన్నది ఆఫీసులో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తెచ్చుకో.

సౌండ్ ఇంజనీరింగ్ వైపు మనసు పోతే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కోర్సు డిగ్రీ తర్వాతే. ఆరు నెలల ప్రైవేటు కోర్సుల వాళ్లను మాత్రం ఒక్కటే అడుగు: వారానికి ఎన్ని గంటలు రికార్డింగ్ సిస్టం నా ఒక్కదాని చేతిలో ఉంటుంది? ఇరవై మంది వెనక నుంచోబెట్టి స్క్రీన్ చూపిస్తే దానికి అంత ఫీజు దండగ.

కర్ణాటకంతోపాటు పాశ్చాత్య సంగీతం థియరీ కూడా పట్టుకో. లండన్‌లోని ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షల సంస్థ పద్ధతిలో వాద్యం కానీ గాత్రం కానీ ఆరో గ్రేడు పరీక్ష రాయాలంటే మామూలుగా ముందు ఐదో గ్రేడు థియరీ పాసై ఉండాలి. అలాంటి పరీక్షలే పెట్టే ట్రినిటీ కాలేజీలో ఆ షరతు లేదు. అయినా థియరీ నేర్చుకోమనే నా మాట. స్టూడియోలో ఎవరూ నిన్ను ‘ఐదున్నర శ్రుతా?’ అని అడగరు, ‘జీ షార్పా?’ అని అడుగుతారు. మన శ్రుతుల్లో ఒకటి అంటే పాశ్చాత్యుల సీ, రెండు అంటే డీ, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జీ. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. నీ గొంతు ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా అలసట లేకుండా పోతుందో కీబోర్డు పక్కన పెట్టుకుని రాసి ఉంచు. మూడు నెలలకోసారి మళ్లీ చూసుకో.

ఇక ఇంట్లో రికార్డింగ్. ఈ రోజుల్లో ట్రాక్ (అసలు గాయకులు పాడేలోపు నమూనాగా పాడేది) పాడటానికి, కోరస్‌కి చాలావరకు ఇంటి నుంచే ఫైలు పంపమంటారు. మీ ఫ్లాటు రోడ్డు మీదే ఉంది కాబట్టి చిన్న చప్పుడు కూడా పట్టే ఖరీదైన కండెన్సర్ మైకు కొనకు. అది హారన్లు, పక్కింటి మిక్సీ అన్నీ పట్టేస్తుంది. పైగా దానికి ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోనే వెళ్లే కరెంటు, ఇవ్వాలి. దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే మంచి డైనమిక్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, ఆ బట్టలు నీ వీపు వెనక ఉండేలా నిలబడు. ఫ్యాను ఆపు. మైకుకు జానెడు దూరం, మధ్యలో ఊపిరి తాకిడిని ఆపే పాప్ ఫిల్టర్ తెర. గొంతు బాగా ఎత్తిన చోట కూడా రికార్డింగ్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టు. సున్నా దాటి పగిలిన గొంతును ఏ మిక్సింగ్ ఇంజనీరూ పూర్తిగా బాగుచేయలేడు. పాడేటప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే సెట్టింగు 128 పెట్టుకో. ఎక్కువ పెడితే నీ గొంతు నీకే ఆలస్యంగా వినపడి తాళం జారుతుంది.

ఎక్కువమంది చెడగొట్టేది పాట కాదు, ఫైలు. సినిమా పనికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వావ్ (కుదించని ఆడియో ఫైలు) వాడతారు. నువ్వు 44.1 కిలోహెర్ట్జ్‌లో పాడి పంపిన ఫైలును అవతలి సిస్టం మార్చకుండా 48గా చదివేస్తే వేగం పెరిగి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. అందుకే పాడకముందే ‘సెషన్ (మీ రికార్డింగ్ ప్రాజెక్టు) ఎన్ని కిలోహెర్ట్జ్‌లో ఉంది?’ అని అడుగు. ఎంపీ3 పంపొద్దు, దాని మొదట్లో కాస్త ఖాళీ చేరి, తాళం కోసం పెట్టే క్లిక్ శబ్దంతో కలవదు. ఫైలు పాట మొదటి నుంచే మొదలవ్వాలి. నువ్వు పాడేది రెండో చరణమే అయినా ముందంతా నిశ్శబ్దంగా ఉంచే పంపు. రివర్బ్ (ప్రతిధ్వని), ట్యూనింగ్ (శ్రుతి సవరణ) ఏమీ వేయకు. పేరులో పాట, టెంపో, శ్రుతి, తేదీ ఉండాలి. నాలుగు నిమిషాల మోనో ఫైలు సుమారు 35 ఎంబీ అవుతుంది, డ్రైవ్ లింకు పంపు. అసలు ఫైలు నీ దగ్గర రెండు చోట్ల దాచు.

ఆకాశవాణి ఆడిషన్ గురించి ఎవరూ పిల్లలకు చెప్పడం లేదు, అది బాధ. బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడులుంటాయి. బీ గ్రేడు వచ్చినా కచేరీలు పెట్టించే సభల వాళ్లకు చూపించుకోవచ్చు. తయారయ్యాక దరఖాస్తు పెట్టు.

ఇప్పుడు నువ్వు జాగ్రత్తగా చదవాల్సిన మాట. కృష్ణానగర్‌లో అయినా ఫిల్మ్‌నగర్‌లో అయినా ‘మామూలు ఫార్మాలిటీ’ అంటూ పాట హక్కులు రాసిచ్చే ఒప్పందం కాగితం ఒకటి ఇస్తారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా పాట కట్టినవారికీ రాసినవారికీ థియేటర్‌లో సినిమాతో పాటు ఆడటం తప్ప మిగతా వాడకాలన్నిటిలో హక్కులు కొన్నవారితో సమానంగా రాయల్టీ వాటా ఉంది. దాన్ని వదులుకున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. తమ వారసులకు తప్ప, లేదా వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. బాణీ, సాహిత్యం వాళ్లకు ఆ సొసైటీ ఐపీఆర్‌ఎస్, 1969 నాటిది. పాడినవాళ్లకూ వాణిజ్య వాడకం మీద రాయల్టీ హక్కు ఉంది. నువ్వు సొంతంగా బాణీలు కట్టడం మొదలుపెట్టిన రోజే ఐపీఆర్‌ఎస్ సభ్యత్వం సంగతి చూసుకో. సభ్యత్వం లేక, పాటను నమోదు చేయక రావాల్సిన డబ్బు ఆగిపోయేది అక్కడే.

ఒప్పందంలో ఎంతకాలానికో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే అవతలివాళ్లు ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అని రాయిస్తారు. ఆ రెండు మాటలు కనిపిస్తే ఆగి, ఎంత డబ్బుకు రాయిస్తున్నారో చూడు. పాట విడుదలలో నీ పేరు ఏ అక్షరాలతో వేయాలో కూడా అందులోనే రాయించు. సొంత పాట విడుదల చేస్తే పాటను యాప్‌లలో పెట్టే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్‌ను గుర్తించే పన్నెండు అక్షరాలు, అంకెలు) రాసి ఉంచుకో. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ వాడాలి, లేకపోతే అప్పటిదాకా విన్నవాళ్ల లెక్క కొత్త ఫైలుకు కలవకపోవచ్చు.

అలాంటి కాగితం ఏదొచ్చినా అక్కడికక్కడ సంతకం పెట్టకు. ‘ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి రేపు ఇస్తానండీ’ అను, ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, చదివి చెబుతాను.

మీ మామయ్య