దవడ లోపల తెల్లమచ్చ

ప్రశ్న: మా అత్తమ్మకు 58 ఏళ్లు. పత్తి ఏరడానికి పోయేటప్పుడు తంబాకు, వక్క కలిపి ఎడమ దవడన పెట్టుకోవడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఇప్పుడు అక్కడే తెల్లమచ్చ కనబడుతోంది. నొప్పి లేదు కాబట్టి దవాఖానకు రానంటున్నారు. ఇది క్యాన్సరేనా? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, గీకినా పోని ఇటువంటి మచ్చను వైద్యులు ల్యూకోప్లేకియా అంటారు. ఇవన్నీ క్యాన్సర్ కావు. కొన్ని మాత్రం అవుతాయి, ఏది అవుతుందో కంటితో చెప్పలేము కనుక చిన్న ముక్క తీసి బయాప్సీ చేయవలసిందే. నోటి క్యాన్సర్ మొదట్లో తరచుగా నొప్పి లేకుండానే ఉంటుంది కాబట్టి, నొప్పి లేదన్న మాటతో దయచేసి ఊరుకోకండి. మచ్చ గరుకుగా మారినా, మధ్యలో ఎర్రబడినా, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

తంబాకు మానేసి ఉత్త వక్క నమిలితే పరవాలేదని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని 2004లోనే తేలింది. కేరళలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూడడం వల్ల, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు 34 శాతం తగ్గాయి.

ముందుగా నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చూపించండి. అవసరమైతే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఆరోగ్యశ్రీకి అర్హత ఉంటే రేషన్‌కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లండి. అలవాటు మాన్పించడానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, అత్తమ్మ చేతనే మాట్లాడించండి.