రేసుల గ్రేహౌండ్ ఇంటికొచ్చాక

ప్రశ్న: రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్ కుక్కను దత్తత తెచ్చుకున్నాం. నిద్రలో తాకితే గుర్రుమంటుంది. మెట్లెక్కదు. పళ్లు శుభ్రం చేయడానికి మత్తివ్వాలంటున్నారు, ప్రమాదమా?

జవాబు: మత్తు విషయం ముందు. ఈ జాతి ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, పైగా థయోపెంటాల్ అనే మత్తుమందును కాలేయం నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తుంది. అందుకే ఆ మందిస్తే తేరుకోవడానికి గంటలు పట్టొచ్చు. దానికి బదులు ప్రొపోఫాల్ లాంటిది వాడతారేమో డాక్టర్ని ముందే అడగండి. రక్తపరీక్షలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 50 నుంచి 65 శాతం ఉన్నా, ప్లేట్‌లెట్లు, టీ4 (థైరాయిడ్ హార్మోన్) కాస్త తక్కువగా ఉన్నా వీటికి మామూలే. లక్షణాలేవీ లేకుండా టీ4 అంకె ఒక్కటే చూసి థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టొద్దు.

కెన్నెల్‌లో (కుక్కల్ని ఉంచే గదిలో) ఒంటరిగా పడుకున్న కుక్కకు నిద్రలో చెయ్యి పడితే ఉలిక్కిపడుతుంది. దూరం నుంచే పేరు పెట్టి పిలవండి, తలెత్తి చూశాకే దగ్గరికెళ్లండి. గుర్రుమన్నందుకు తిట్టకండి: హెచ్చరించడం మానేసి నేరుగా కరిచే ప్రమాదముంది.

మెట్లు దానికి కొత్త. అడుగున రెండు మూడు మెట్లతో మొదలుపెట్టి, ఒకరు వెనక నిలబడి కాళ్లు ఒక్కొక్కటే మెట్టు మీద పెట్టించండి.

మెడ తలకన్నా లావు కాబట్టి మామూలు పట్టీ జారిపోతుంది. 4 సెంటీమీటర్ల వెడల్పున్న మార్టింగేల్ పట్టీ (లాగితే కాస్త బిగిసేది) వేయండి. కంచె లేనిచోట మాత్రం కుక్కను ఎప్పుడూ విడవకండి.