టెక్ సందేహాలు: పి0443 చూపిస్తే పర్జ్ వాల్వ్ మార్చేయాలా?

ప్రశ్న: మాది బీఎస్‌6 పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలు చదివే పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే పి0443 అనే లోపం కోడ్ వచ్చింది. బండి మామూలుగానే నడుస్తోంది. మెకానిక్ మాత్రం పర్జ్ వాల్వ్ మార్చాలంటున్నాడు. యాప్‌లో ‘ఎవాప్ పర్జ్ 30 శాతం’ అని కూడా కనిపిస్తోంది. అంటే వాల్వ్ పనిచేస్తున్నట్టే కదా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ 30 శాతం సంగతి. అది ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇచ్చిన ఆర్డర్ మాత్రమే. వాల్వ్ తెరుచుకుందో లేదో ఆ అంకె చెప్పదు. వైరు తెగిపోయినా యాప్‌లో 30 కనిపించవచ్చు.

పి0443 అంటే పర్జ్ వాల్వ్ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని అర్థం. ఆ సర్క్యూట్‌లో వాల్వ్ కాయిల్‌తో పాటు ఫ్యూజు, వైర్లు, కనెక్టర్, చివర్న ఈసీయూ కూడా ఉంటాయి. వీటిలో దేన్నీ చూడకుండా కొత్త వాల్వ్ కొనడం జూదమే.

ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఈసీయూ పర్జ్ వాల్వ్‌ను తెరిచి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపి కాల్చేస్తుంది. ఈ ఏర్పాటునే ఎవాప్ అంటారు. కరెంటు అందకపోతే ఈ వాల్వ్ మూసుకునే ఉంటుంది. మీకు నడకలో తేడా తెలియకపోవడానికి కారణం అదే.

ఇంజిన్ ఆపి, చల్లారాక కనెక్టర్ పీకండి. ముందు కళ్లతో చూడండి: పిన్నులకు పచ్చటి తుప్పు పట్టిందా, ఏదైనా పిన్ను వెనక్కి జారిందా? ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసినప్పుడు కనెక్టర్ తీసి, టక్కుమనేదాకా నొక్కకుండా వదిలేయడం మామూలే. బానెట్ కింద ఎలుకలు కొరికిన గుర్తులున్నాయేమో వెతకండి. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించి ఉంటే ఆ జాయింట్లన్నీ అనుమానించాల్సినవే.

తర్వాత మల్టీమీటర్. వాల్వ్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. చాలా కార్లలో 20-30 ఓమ్స్ దగ్గర ఉంటుంది, మీ మోడల్ లెక్క సర్వీస్ మాన్యువల్‌లో సరిచూసుకోండి. మీటరు ‘ఓఎల్’ అంటే కాయిల్ తెగినట్టు, సున్నాకు దగ్గరగా ఉంటే షార్ట్ అయినట్టు. అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక తెగే కాయిల్ కూడా ఉంటుంది. కాబట్టి లైటు అప్పుడప్పుడే వెలుగుతుంటే, ఇంజిన్ వేడి మీద ఆపి మరోసారి కొలవండి.

కాయిల్ బాగుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కనెక్టర్‌లోని సప్లై పిన్నుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టేజీ చూడండి. సుమారు 12 రావాలి. రాకపోతే ఫ్యూజు వైపు వెళ్లండి. ఇక్కడ మీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది: వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. అదే రెండు పాయింట్ల మధ్య 5 వాట్ల బల్బు పెడితే అసలు రంగు తెలుస్తుంది, మసకగా వెలిగితే సప్లై బలహీనం. రెండో వైరుకు మాత్రం బల్బు తగిలించొద్దు, అది నేరుగా ఈసీయూలోకి పోతుంది. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్షలేవీ ఇంట్లో చేయకండి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే మిగిలేది ఆ రెండో వైరే. బ్యాటరీ నెగటివ్ తీశాక, ఈసీయూ ప్లగ్గు దాకా దాన్ని చెక్ చేయించండి. ఈసీయూ పోయిందన్న మాట అన్నిటికన్నా చివర్న నమ్మాలి.

ప్రశ్న: పెట్రోలు పోయించిన మర్నాడు పి0455 వచ్చింది. త్వరలో ఎమిషన్స్ ఇన్‌స్పెక్షన్ ఉంది. కోడ్ డిలీట్ చేసి వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఇది ఎవాప్‌లో, అంటే పెట్రోలు ఆవిరిని పట్టే ఏర్పాటులో, పెద్ద లీకు ఉందని చెప్పే కోడ్. మల్టీమీటర్ తీయకముందే ట్యాంకు మూత గట్టిగా బిగించి, దాని రబ్బరు రింగు పగిలిందేమో చూడండి. కోడ్ చెరిపేస్తే కారు స్వీయపరీక్షల రికార్డు కూడా పోతుంది, అవి పూర్తి కాలేదని ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపేయవచ్చు. ఎవాప్ పరీక్ష చాలా కార్లలో రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే తీసినప్పుడు, అదీ ట్యాంకు మరీ ఖాళీగానో మరీ నిండుగానో లేకపోతేనే మొదలవుతుంది. సగం ట్యాంకుతో కొన్ని రోజులు మామూలుగా తిప్పి, యాప్‌లో ఎవాప్ మానిటర్ (ఆ స్వీయపరీక్ష) ‘రెడీ’ అని వచ్చాకే వెళ్లండి.