కొడుకు విమానం, అమ్మ ఒట్టు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. టీచరుగా రిటైరయ్యాను. మావారు పోయి ఆరేళ్ళయింది. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి డెన్వర్‌లో ఉంటారు. శ్రావణంలో అమ్మాయి వాళ్ళ గృహప్రవేశం. శనివారం ఉదయం 9:40కి ముహూర్తం. మోకాళ్ళ ఆపరేషన్ వల్ల నేను వెళ్ళలేను. పుట్టింటి బట్టలు పెట్టాల్సింది అబ్బాయే కాబట్టి 9:40 కల్లా అక్కడ ఉండి తీరాలని వాడికి గట్టిగా చెప్పాను. వాడు రెండేళ్ళ కిందట సరదాగా విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నాలుగు సీట్ల విమానం అద్దెకు తీసుకుని, కోడలినీ నాలుగేళ్ళ మనవరాలినీ ఎక్కించుకుని శుక్రవారం తనే నడుపుకుంటూ వెళ్తానంటున్నాడు. కోడలు చాటుగా ఫోన్ చేసి, "అత్తయ్యా, నాకు భయంగా ఉంది, మీరే ఆపాలి. నేను చెప్పానని మాత్రం అనకండి" అంది. నేను వాడితో "ఆ విమానం ఎక్కావంటే నా మీద ఒట్టే" అనేశాను. "నేనింకా టెన్త్ క్లాసు పిల్లాణ్ణే అనుకుంటున్నావా అమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. పదకొండు రోజులైంది. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ తప్ప మాట లేదు. చూస్తుండగానే ఆ శనివారం 9:40 వచ్చేస్తుంది. వాణ్ని ఎలా ఆపను?
పేరు ప్రచురించవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, చిన్న విమానం అనగానే మీ గుండె జారిపోవడంలో వింతేమీ లేదు. మన తెలుగువాళ్ళకు ఆ మాట వినగానే గుర్తొచ్చే రోజులున్నాయి. 2004 ఏప్రిల్ 17న సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావాలని బెంగళూరు జక్కూరులో చిన్న విమానం ఎక్కారు. పైకి లేచిన కాసేపటికే అది కూలిపోయింది. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల మీద కనబడకుండా పోతే, మర్నాటిదాకా మనమంతా టీవీల ముందు నుంచి లేవలేదు. అవి మరిచిపోండని నేను చెప్పను.

అలాగని మీ అబ్బాయిని అర్ధరాత్రి ఔటర్ మీద బైకు రేసులు పెట్టే కుర్రాళ్ళతో కలపకండి. అమెరికాలో ఆ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి, చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. రాత పరీక్ష ఉంటుంది, డాక్టరు చూస్తాడు, ఒంటరిగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళి రావాలి, చివర్లో పరీక్ష పెట్టేవాడు పక్కన కూర్చుని నడిపించి చూస్తాడు. లైసెన్సు వచ్చాక కూడా, గడిచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు లేచి దిగి ఉండకపోతే ఎవర్నీ ఎక్కించుకోకూడదు. రెండేళ్ళకోసారి బోధకుడి దగ్గర మళ్ళీ నడిపి చూపించాలి. మీవాడికి రెండేళ్ళన్నారు కాబట్టి ఆ వంతు ఈపాటికి వచ్చే ఉంటుంది. వాడు సరదాగానే నేర్చుకున్నా, ఆ చదువు మాత్రం సరదా చదువు కాదు. "ఇంకా టెన్త్ క్లాసు పిల్లాణ్ణే అనుకుంటున్నావా" అన్నప్పుడు వాడికి తగిలిన దెబ్బ అదే.

ఇక ప్రయాణం సంగతి. విమానం నడిపే పిల్లల తల్లిదండ్రులు ఇంతకుముందు కూడా నా దగ్గరికి వచ్చారు, అందువల్ల ఈ విషయం కొంత చదువుకోక తప్పలేదు. డాలస్ నుంచి డెన్వర్‌కు గాలిలో 600 మైళ్ళ పైమాటే. పెద్ద విమానానికి రెండు గంటల పని. ఇలా అద్దెకిచ్చేవాటిలో ఎక్కువగా కనిపించే సెస్నా 172కి ఐదారు గంటలు పడుతుంది, మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం పోయించుకోవాలి, ఎదురుగాలి ఉంటే ఇంకాస్త ఆలస్యం. ట్యాంకులు నిండుగా ఉంటే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది సుమారు 250 కిలోలు. కోడలు, పాప, పట్టుచీరల సూట్‌కేసు, మీరెవరి చేతో పంపిన ఆవకాయ, అన్నీ ముందే తూచి లెక్క వేసుకోవాలి. (భార్యను బరువెంతని అడగడానికి కావలసిన ధైర్యం వేరు, అది ఏ లైసెన్సులోనూ నేర్పరు.) డెన్వర్ ఉన్నది 5,280 అడుగుల ఎత్తున. మన హైదరాబాద్ 1,800 అడుగులు కూడా ఉండదు. ఎత్తున ఎండ కాస్తే గాలి పలచబడి ఇంజన్ శక్తి తగ్గుతుంది, లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. పైగా ఆ వైపు వేసవి మధ్యాహ్నాల్లో కొండల మీద ఉరుముల మబ్బులు పట్టడం మామూలే. మామూలు ప్రైవేటు లైసెన్సుతో మబ్బుల్లోకి వెళ్ళకూడదు, దానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని వేరే ఉంది.

ఇవన్నీ తెలిసిన పైలట్ ఏం చేస్తాడు? మబ్బు పడితే వెనక్కి తిరుగుతాడు. లేదా దారిలో ఏదో చిన్న ఊళ్ళో దిగి, మోటెల్లో పడుకుని, తెల్లారి చూసుకుందాం అనుకుంటాడు. చిన్న విమానాల ప్రమాదాల్లో పదేపదే వినిపించే కథ, అలా దిగకుండా "ఇంకొంచెమేగా, ఎలాగైనా చేరిపోదాం" అనుకోవడం. ఎవరో అవతల ఎదురుచూస్తున్నారనో, అద్దె విమానాన్ని ఆదివారం సాయంత్రానికి అప్పగించాలనో, సోమవారం ఇంకొకరు బుక్ చేసుకున్నారనో. ఆ విమానాలకు ఇంజన్ తిరిగిన గంటల లెక్కన డబ్బు కట్టాలి, రోజుల తరబడి ఉంచుకుంటే రోజుకు ఇన్ని గంటలని కనీస అద్దె కూడా వేస్తుంటారు. ఆగిన ప్రతి రోజూ జేబుకు చిల్లే.

ఇప్పుడు మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదవండి. అందులో 9:40 అనే అంకె మూడుసార్లు ఉంది. ఒకపక్క ఆ విమానం ఎక్కొద్దని ఒట్టు వేస్తున్నారు, ఇంకోపక్క ఏమైనా సరే 9:40 కల్లా ఉండి తీరాలంటున్నారు. నొచ్చుకోకండి, ఆ రెండో మాట వాడి ప్రయాణానికి ఎక్కువ ప్రమాదం. ముహూర్తం పెట్టుకుని చిన్న విమానంలో వెళ్ళకూడదు. అందుకే, ఈ ఒక్క ప్రయాణానికి అది వద్దన్న మీ మాట న్యాయమైనదే. మీరు చెప్పిన పద్ధతే బాగాలేదు.

ముందు డెన్వర్‌కు ఫోన్ చేయండి. "అన్నయ్య సమయానికి అందకపోయినా మీరు పాలు పొంగించేసుకోండి, బట్టలు వ్రతం అయ్యాక పెట్టుకోవచ్చు" అని అమ్మాయితో చెప్పండి. కావాలంటే పంతులుగారిని కూడా అడగండి, ఇలాంటి విషయాల్లో ఆయన మనకన్నా సర్దుకుపోయే మనిషి. ఆ తర్వాత అబ్బాయికి. ముందుగా ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. ఒట్టు అనేది అవతలివాడి నోరు మూయిస్తుంది కానీ మనసు మార్చదు. "నాయనా, నేను భయంలో తొందరపడ్డాను. నువ్వు నేర్చుకున్న విద్యను తక్కువ చేశాను. 9:40 అని నీ నెత్తిన పెట్టిందీ నేనే, అది తీసేస్తున్నాను. చెల్లెలికి కూడా చెప్పాను. ఈసారికి మామూలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిరా, ఆ విమానంలో తిరగడానికి తేదీ లేని వారం ఇంకోటి చూసుకో" అనండి. ఇది అడగడం, ఆపడం కాదు. ఆపే శక్తి మీకు లేదని మీకూ తెలుసు. ఎలా నడుపుతావు, ఎంత ఎత్తులో, మబ్బొస్తే ఏం చేస్తావు అని కూడా అడగండి. మీరు టీచరు కదా, పరీక్షలో కుర్రాణ్ణి నిలదీసినట్టు కాకుండా తెలియని విషయం తెలుసుకున్నట్టు అడగండి. రెండేళ్ళుగా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలు ఇవి అయ్యుండొచ్చు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కోడలి ఫోను. ఆ అమ్మాయి మీ మీద నమ్మకంతోనే చేసింది, కాదనను. కానీ ఆ సీట్లో కూర్చోవాల్సిందీ, పాపను పక్కన కూర్చోబెట్టుకోవాల్సిందీ తను. "నేను ఎక్కను, పాపను ఎక్కించను" అనే హక్కు మొట్టమొదట తనది. ఆ మాట మీ నోటి నుంచి వస్తే అది అత్తగారి చాదస్తం, తన నోటి నుంచి వస్తే ప్రయాణికురాలి నిర్ణయం. తన పేరు బయటపెట్టకండి, మాటిచ్చారు. ఇకమీద మధ్యవర్తిగా కూడా ఉండకండి. "అమ్మా, నీ భయం నువ్వే చెప్పు, నేను నీ వెనకాల ఉంటాను" అనండి. వాళ్ళిద్దరూ ఏదో ఒక ఆదివారం పొద్దున, పాపను ఎవరి దగ్గరైనా వదిలి, ఊరి చుట్టూ అరగంట తిరిగి వస్తే తనకే తెలుస్తుంది తను భయపడుతున్నది ఎత్తుకా, గాలి కుదుపుకా, లేక భర్త తన మాట వినడేమోననా. మూడోదే అయితే దానికి విమానంతో పనిలేదు, నాకు తననే ఉత్తరం రాయమనండి. ఇంకొక్కటి: అద్దెకిచ్చేవాళ్ళ ఇన్సూరెన్సు నడిపేవాడికి పూర్తిగా వర్తించకపోవచ్చు. అద్దెకు నడిపేవాళ్ళకు విడిగా పాలసీలున్నాయి, తీసుకున్నాడో లేదో కోడలు అడగడం అనుమానించడం కాదు.

ఎప్పుడో ఒక రోజు వాడు దూరప్రయాణం చేస్తాడు. డాలస్‌లో ఉదయం ఏడింటికి లేస్తే మనకు సాయంత్రం ఐదున్నర, వాడు దిగేసరికి మనకు అర్ధరాత్రి. "దిగగానే ఫోన్ చెయ్యి" అని అప్పుడు అనకండి, అదీ ఇంకో గడియారం అవుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నింటికి చేరేదీ అక్కడి అధికారులకు ముందే తెలిపే ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి వెళ్ళమనండి. దిగాక దాన్ని ముగించకపోతే, చేరాల్సిన సమయం దాటిన అరగంటకు అక్కడివాళ్ళే ఆరా తీయడం మొదలుపెడతారు. "ఆలస్యమైతే దారిలో ఎక్కడో పడుకున్నావనుకుంటానులే" అని వాడికి ముందే చెప్పి ఉంచండి. ఆ రాత్రి మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. ఒక్కరే ఉండకండి, పక్కింటావిణ్ణి తోడుకు రమ్మనండి.